ఫోనెత్తిన తెలుగాయన

దెయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. రోజూ తాగొచ్చే మనిషితో కాపురం చేసినదాన్ని, దెయ్యాలొచ్చి నన్ను కొత్తగా భయపెట్టేదేముంది? కానీ ఈ సంగతి మాత్రం నాకు అంతు చిక్కలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది గిద్దలూరు వైపు. మా ఆయన మిలిటరీలో చేసి రిటైరయ్యాక ఢిల్లీలోనే ఒక కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాడు. మునిర్కాలో అద్దెకుంటున్నాం. మిలిటరీ వాళ్లకు క్యాంటీన్లో మందు చవగ్గా దొరుకుతుంది. కోటా ఉంది కదా అని తెచ్చుకోవడంతో మొదలై, కోటా చాలక బయట కొనుక్కునేదాకా వచ్చింది. లివరు పాడైందని, ఇంకా తాగితే మనిషి దక్కడని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు.

ఆ ఆసుపత్రి వరండాలో గోడకు ఒక పాత కాగితం అంటించి ఉంది. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే మీటింగు వివరాలకు ఫోన్ చేయండని హిందీలో నంబరుంది. మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లాక, చెప్పాల్సింది హిందీలో కూడబలుక్కుని మరీ ఫోన్ చేశాను. నేను "నమస్తే భయ్యా" అన్నానో లేదో, అవతల మగగొంతు తెలుగులో అందుకుంది.

"సెప్పమ్మా, తెలుగులోనే సెప్పు."

శ్రీకాకుళం యాస. నా హిందీని బట్టి పట్టేశాడనుకున్నాను. మన హిందీ దాగేది కాదు కదా. ఎవరికీ చెప్పుకోలేనిదంతా ఆయనకు చెప్పుకుని ఏడ్చాను.

ఆదివారం పొద్దున, చర్చి వెనక హాలు అని గుర్తులు చెప్పాడు. "మీ ఆయన గేటు కాడ ఆగిపోతాడు. నువ్వేటీ అనకు. టీ తాగేసి ఎల్లిపోదాం అను, సాలు" అన్నాడు. పెట్టేసేముందు, "కూలర్లో సూడమ్మా" అన్నాడు.

అది చలికాలం. కూలరు బాల్కనీలో గుడ్డ కప్పి ఉంది. దాని నీళ్ల తొట్టిలో సీసాలు దొరికాయి. తాగేవాళ్లంతా అక్కడే దాస్తారేమో, అనుభవం కొద్దీ చెప్పాడులే అని సరిపెట్టుకున్నాను.

ఆదివారం మా ఆయన నిజంగానే గేటు దగ్గర ఆగిపోయాడు. టీ మాటే అన్నాను. గొణుక్కుంటూ లోపలికొచ్చాడు.

మీటింగయ్యాక అక్కడి పనులు చూసే దీదీకి, మీ తెలుగాయన పుణ్యమా అని వచ్చామని దండం పెట్టాను. ఆవిడ మొహం మారిపోయింది. ఫోన్లు చూసుకునే తెలుగు ఫౌజీ, మా ఆయనలాగే మిలిటరీ మనిషి, ఒకాయన ఉండేవాడట. ఆయన పోయాక ఆ నంబరే తీసేశారట. ఆసుపత్రి కాగితం ఎవరికీ గుర్తులేదట. "అబ్ నహీ హై, బహెన్" అంది, ఇప్పుడు లేడమ్మా అని. పేరడిగితే చెప్పలేదు. అక్కడికొచ్చేవాళ్ల వివరాలు బయటపెట్టకూడదు, పోయినవాళ్లవైనా సరే. అది వాళ్ల కట్టుబాటు. దండం పెట్టుకుందామన్నా నాకు ఆయన పేరు తెలీదు.

ప్రతి ఆదివారం చర్చికి పోతున్నామని, పక్కింటి ఆంటీ మేం మతం మారామనుకుంది. అనుకోనీ అని ఊరుకున్నాను. మా ఆయన తాగడం లేదు, నాకంతే చాలు.

ఈ ఏడు వానాకాలంలో రెజిమెంటు స్నేహితుడింట్లో పెళ్లికెళ్లొచ్చాక, ఇక మీటింగుకు రానన్నాడు. తాగావా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. కొన్ని వారాలు చూసి, ఒక ఆదివారం పొద్దున్నే కాళ్లావేళ్లా పడి గేటుదాకా తీసుకెళ్లాను. మళ్లీ అక్కడే ఆగిపోయాడు. ఈసారి టీ మాట పని చేయలేదు. "నువ్వు పో, నేను రాను" అని వెనక్కి తిరిగాడు. ఇక ఈ మనిషి నాకు దక్కడనుకున్నాను.

అప్పుడే ఒకమ్మాయి తన తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆటో దిగింది. ముఖర్జీ నగర్లో కోచింగుకొచ్చి తాగుడులో పడ్డ కుర్రాడని తర్వాత తెలిసింది. మా తెలుగు విని, నేరుగా మా ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"గిద్దలూరు అంకుల్ మీరేనా అండీ?"

ఆసుపత్రి గోడ మీది నంబరుకు ముందురోజు ఫోన్ చేస్తే ఒక తెలుగాయన ఎత్తాడట. గేటు దగ్గర గిద్దలూరు అంకుల్ ఉంటాడు, మీ తమ్ముణ్ని ఆయనకు అప్పగించు, లోపలికి తీసుకెళ్తాడు అన్నాడట. ముందురోజుకి మేం వస్తామన్నది మాకే తెలీదు.

 మా ఆయన ఆ కుర్రాడి భుజం మీద చెయ్యేశాడు. "రా నాయనా, లోపల టీ ఇస్తారు" అన్నాడు.

ఇప్పుడు మీటింగుకు వెళ్తున్నాడు. రేపటి సంగతి నాకు తెలీదు. ఆ గొంతు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎంత ఆలోచించినా తెగడం లేదు.

మొన్న మా ఆయన్ని పరీక్షలకు అదే ఆసుపత్రికి తీసుకెళ్లాను. పాతది చింపేసి ఇది అంటించమని, కొత్త నంబరున్న కాగితం దీదీ ఇచ్చి పంపింది. దాని పక్కన అంటించి వచ్చాను. పాతది చింపడానికి చెయ్యి రాలేదు.