గోడ మీద నా కొడుకు

రేపటి సంది తెలంగాణ బంద్, బస్సులు నడువయని ఇయ్యాల్నే, పిల్లలైతలేరని మా చెల్లెను తోలుకొని వరంగల్ల పిల్లలు గాని వాళ్ల దవాఖానకు పోయిన. రెండేండ్ల కింద నాకు గాడనే టెస్ట్ ట్యూబ్ జేసిండ్రు. కొడుకు పుట్టిండు, పదకొండు దినాలు బతికిండు. ఇరవయ్యొక్క దినాలు నిండలే, పేరు గూడ పెట్టలే.

ఇయ్యాల చూస్తే, సక్సెస్ అయినోళ్లని గోడకు పెట్టిన ఫొటోలల్ల నా కొడుకున్నడు.

"సిస్టరమ్మా, వీడు లేడు. ఫొటో తీసెయ్యి జర" అన్న.

"పుట్టిండు గద అక్కా! మా లెక్కల సక్సెసే" అన్నది నర్సు, తల గూడ ఎత్తలే.

వచ్చి కూసున్న. పక్కకున్న, రేగొండ ఊరి నుంచి వచ్చిన పిల్ల గీ మాటలు ఇనలే. గదే ఫొటో దిక్కు చూసుకుంట నవ్వింది. "గిసొంటోడు పుడితే సాలు. ఇప్పుడు ఉరుకుతుండొచ్చు గదక్కా?"

ఆమె మొగడు టెస్ట్ ట్యూబ్ కాయితాల మీద సంతకం పెడుతున్నడు.

"ఉరుకుతుండొచ్చు బిడ్డా" అన్న.

మా చెల్లె చెయ్యి వట్టి బయటికి గుంజుకొచ్చిన. గా పిల్లను మాత్రం ఆడనే ఇడిసిపెట్టిన. నోరు లేని నా కొడుకు గా గోడ మీదినుంచి ఇంకెందరిని పిలుస్తడో. మీరైతే ఆమెకు నిజం జెప్పుదురా?