జాలారి కాడ వంగనారు

"నెట్టు లేకుంట నారు రాదు" అని మా ఆయన తేల్చి చెప్పిన రోజే ఇంట్లో నారు పోసి తీరాలనుకున్నాను. అంతకుముందు అది వట్టి ఉబలాటం. నీకు చేతకాదని ఎవరైనా అంటే మాత్రం నేనిక ఊరుకోను. ఈ మొండితనం మా అమ్మది.

మాది కొత్తకోట. హైవే పక్కన నీడకని ఆకుపచ్చ నెట్టు కట్టిన నర్సరీలో ట్రేల కొద్దీ నారు అమ్ముతారు. మా ఆయన అక్కడినుంచే వంగనారు తెచ్చేవాడు. కాయలు నిగనిగలాడుతూ కాసేవి, కూర చేస్తే చప్పగా ఉండేది. నాకు కావలసింది మా అమ్మ వంకాయ. పొట్టిది, తెల్ల చారలది, తొడిమ నిండా ముళ్లున్నది. అమ్మ పోయాక ఆమె తోట వెంచర్లో కలిసిపోయింది. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు తప్ప పచ్చని పోచ లేదు. ఆ తోటలోంచి నాకు మిగిలినవి గుప్పెడు గింజలు. పురుగు పట్టకుండా అమ్మ చేసినట్టే, ఆమె పొయ్యిలోని బూడిదలోనే కలిపి దాచుకున్నాను. అవి పోతే ఆ వంకాయ ఇక ఎక్కడా దొరకదు.

మొదటిసారి నర్సరీని చూసి మోసపోయాను. వాళ్లకు నెట్టుంటే నాకు కవరుంది అనుకున్నాను. టీ కప్పుల్లో మట్టి నింపి, సగం గింజలు వేసి, మిద్దె మీద పెట్టి పైన ప్లాస్టిక్ కవరు కప్పాను. ఇంకా వానలు పడలేదు. పాలమూరు ఎండ సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసి కూడా చేసిన పని అది. మొలకలైతే వచ్చాయి. ఒక్క మధ్యాహ్నానికే ఉడికిన ఆకుకూరలా వాలిపోయాయి.

"చెప్తే ఇన్నవా?" అన్నాడు మా ఆయన. "గిప్పుడన్న నర్సరీల తెచ్చుకుందాం."

"తెచ్చేది లేదు" అన్నాను.

మిగిలిన గింజలు బూడిదతో సహా డబ్బాలో, వంటింటి గూట్లో ఉన్నాయి. ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. బోనాల ముందురోజు నేను సంతకు వెళ్లొచ్చేసరికి మా అత్త ఇత్తడి చెంబులన్నీ తళతళా తోమి పెరట్లో బోర్లించింది. పక్కనే నా డబ్బా, ఖాళీగా.

"అత్తా, గీ డబ్బాల బూడిదేది?"

"గదే పెట్టి తోమిన బిడ్డా. ఎంత మెత్తగున్నదో!"

గ్యాస్ పొయ్యి వచ్చాక మా ఇంట్లో బూడిద కంటికి కనబడలేదు. చూపు మందగించిన ఆమెకు ఆ డబ్బా దొరకడమే పండుగ అయ్యుంటుంది. ఆమెనేమనను? పెరట్లో నిలబడి బావురుమన్నాను. అమ్మ పోయిననాడు కూడా అంత ఏడవలేదు. సంగతి తెలిశాక మా అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

పండుగ అయిపోయింది. కొన్నాళ్లకు గిన్నెలు తోముకునే జాలారి దగ్గర, నీళ్లు పారే మసిమట్టిలో ఏవో మొలకలు కనిపించాయి. ఒక్కోదానికి రెండేసి ఆకులు. ఆ రోజు చెంబులు తోమిన నీళ్లు, బూడిదతో సహా, పారింది అక్కడికే. కానీ అక్కడ బురదవుతోందని మా ఆయన అప్పటికే మేస్త్రీని మాట్లాడి పెట్టాడు. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ సిమెంటు బస్తా, పార పట్టుకుని దిగాడు.

"గడ్డికి గింత రంధేంది నీకు?" అన్నాడు మా ఆయన. "మిద్దె మీద బతకలే, మోరీల బతుకుతదా వంకాయ?"

"గడ్డో వంగనో మూడో ఆకు వచ్చినంక చూద్దాం. అప్పటిదాంక పార పడొద్దు. పొయ్యాలంటే ముందుగాల నా మీద పొయ్యుండ్రి సిమెంటు."

అని మొలకల పక్కనే చతికిలబడ్డాను. మా అత్త పీట తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. "నా మీద గూడ పొయ్యిరా" అంది కొడుకుతో. మేస్త్రీ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, బస్తా గోడ వారగా దించి వెళ్లిపోయాడు.

మూడో ఆకు నూగుతో, గరుకుగా వచ్చింది. వంగే! మా అమ్మ వంగే! ఈసారి కవరు జోలికి పోలేదు. పాలప్యాకెట్లకు అడుగున చిల్లులు పొడిచి, మట్టిలో పెంట ఎరువు కలిపి నింపి, ఒక్కో మొక్కనూ మార్చాను. వాటిని పెరట్లో నులక మంచం కింద వరుసగా పెట్టాను. నులక సందుల్లోంచి కావలసినంత ఎండ, కావలసినంత వాన. మధ్యాహ్నం మా అత్త కర్ర పట్టుకుని ఆ మంచం మీదే నడుం వాల్చేది. ఒక్క కోడి కూడా దగ్గరికి రాలేదు.

కాయలు కాశాయి. గుత్తివంకాయ వండిన రోజు మా ఆయన అంతా తిని, మళ్లీ పెట్టమని కంచం జరిపాడు. పెట్టాను. "నెట్టు లేకుంట నారు రాదంటివి గదా?" అని మాత్రం అడగకుండా వదిలిపెట్టలేదు నేను. విత్తనానికని ఒక కాయను చెట్టుకే ఉంచి, అమ్మ పాత చీర అంచు చింపి కట్టాను. దాని జోలికి ఎవరూ వెళ్లలేదు.

జాలారికి నేటికీ సిమెంటు పడలేదు. ఆ బస్తా వానకు తడిసి బండై కూర్చుంది. ప్రతి ఆషాఢంలో దాని మీదే కూర్చుని మా అమ్మ వంగనారు పోస్తున్నాను.