శేరిగూడలో బోర్డుతో మాట్లాడని మేడం

...అలా బొంగ్లూరు గేటు దగ్గర దిగి కూడా, వెనక్కి ఇంటికి పోదామా అనే ఆలోచిస్తూ నిలబడ్డాను. నిన్న అక్కడే రాయడం ఆపాను. ఎప్పటికైనా ఈ కాగితాలు దొరికి, నిన్నటివి దొరకనివాళ్ళ కోసం సంగతి చెప్తాను. నా ఇంటర్ అయిపోయింది, ఇంజనీరింగ్ కాలేజీల ఆప్షన్లు ఎల్లుండిలోగా పెట్టాలి. నేను మాత్రం ‘నాకు ఇంజనీరింగ్ వద్దు’ అని ఇంట్లో చెప్పేద్దామని అనుకున్నాను. అసలు కారణం ఎవరికీ తెలియదు. టెన్త్‌లో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నా ఎడమ చెవి దాదాపు పనిచేయడం లేదు. కుడి చెవితో, ఎదుటివాళ్ళ ముఖం చూస్తూ నెట్టుకొస్తున్నాను. ఇంటర్‌లో లెక్చరర్లు బోర్డు వైపు తిరిగి చెప్పిన పాఠం నాకు అందేది కాదు, ఫ్రెండ్స్ నోట్సు చదివి పాసయ్యాను. ఇంట్లో తెలిస్తే బాపు చదువు మాన్పిస్తాడని భయం. మా పక్కింటి షబానా అక్క శేరిగూడలోని ఇంజనీరింగ్ కాలేజీలో సెకండ్ ఇయర్ చదువుతోంది. నేను ఇంగ్లిష్ మీడియం పొగరుతో ఆ కాలేజీ వద్దంటున్నానని ఆమె అనుకుంది. ఒక్కరోజు వచ్చి క్లాసులో కూర్చో, తర్వాత వద్దను అని పట్టుబట్టింది. ఇంట్లో ఫ్రెండ్ దగ్గరికని చెప్పి బయల్దేరాను.

మా కొంగరకలాన్ నుంచి పొద్దున ఎనిమిదిలోపే షేర్ ఆటో పట్టుకోవడం మంచిది, తర్వాత ఫ్యాక్టరీ షిఫ్టు వాళ్ళతో నిండిపోతాయి. రోడ్డుకు రెండు పక్కలా నిరుడు జొన్న ఉన్న చేన్లలో ఇప్పుడు తెల్ల రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. నేను డ్రైవర్ పక్కన, ఎడమ చెవి అతని వైపు ఉండేలా కూర్చున్నాను, అదే తప్పయింది. ఎక్కడ దిగాలని ఎన్నిసార్లు అడిగాడో ఏమో, చివరికి భుజం తట్టాడు. నా చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్స్ ఉంటాయి, పాటలు మాత్రం ఉండవు. “గా వైర్లు తీస్తె గదా బిడ్డా ఇనొచ్చేది. మా ఇంట్ల గూడ ఒకతి ఉన్నది, ఇల్లు కాలిపోతున్నా పాటలే ఇంటది” అన్నాడు. వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేను సారీ అన్నాను. చెవిటిదని అనుకోవడం కన్నా పొగరుబోతని అనుకుంటే నాకు నయం. బొంగ్లూరు గేటు వరకు ఇరవై రూపాయలు. అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కితే ఆడపిల్లలకు డబ్బుల్లేని సున్నా టికెట్టే, ఆధార్ చూపించాలి. చివరికి వచ్చిన బస్సు ఎక్కేశాను. శేరిగూడ స్టాపులో షబానా అక్క నిలబడి ఉంది కాబట్టి ఇక వెనక్కి పోవడానికి వీల్లేకపోయింది.

నేను వస్తానని తమకు పాఠం చెప్పే ఒక మేడంకు అక్క ముందే చెప్పి ఉంచింది. క్లాసులో ఫ్యాన్లు హెలికాప్టర్లలా మోగుతున్నాయి, వినగానే నా పని అయిపోయిందనుకున్నాను. మేడం నన్ను చూసి, నీకు ఎక్కడ మంచిగుంటే అక్కడ కూర్చో అంది, ఎందుకని అడగలేదు. ఎడమ గోడ పక్కన కూర్చున్నాను, గది మొత్తం నా కుడి చెవి వైపు వచ్చేలా. ఆమె బోర్డు మీద ఒక మూల ఆ రోజు పాఠంలోని ముఖ్యమైన మాటలు రాసింది. రాస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. రాయడం అయ్యాక చాక్‌పీస్ పెట్టేసి, మా వైపు తిరిగి, అప్పుడు నోరు తెరిచింది. ఇంగ్లిష్‌లో చెప్పి, అదే విషయాన్ని మళ్ళీ తెలుగులో ఇంకో ఉదాహరణతో చెప్పింది. వెనక బెంచీ అబ్బాయి ఏదో అడిగితే నాకు అర్థం కాలేదు. ఆ ప్రశ్నను ఆమే మళ్ళీ అందరికీ వినిపించి, ఆ తర్వాతే జవాబు చెప్పింది. ఆమె ఒక ప్రశ్న అడగ్గానే ముందు బెంచీవాళ్ళు చేతులెత్తారు. “చేతులు దించుండ్రి. మిగిలినోళ్ళను జర ఆలోచించనీయుండ్రి” అంది. గదంతా అలాగే ఆగింది. ఒక టీచర్ అంతసేపు మాట్లాడకుండా ఎదురుచూడటం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత జరిగింది అంతకన్నా వింత. లెక్క మధ్యలో మేడంకు ఊపు వచ్చేసి, రాస్తూ రాస్తూ బోర్డుకే చెప్పడం మొదలుపెట్టింది. వెంటనే క్లాసంతా, ఒక్కరు కూడా నోరు మెదపకుండా, చెయ్యెత్తి చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పారు. అన్ని వేళ్ళు. గది ఎందుకంత నిశ్శబ్దమైందో చూడటానికి మేడం వెనక్కి తిరిగింది, చూసి నవ్వేసింది. “అరె, మళ్ళ గోడకు చెప్పిన్నా?” అని, చెప్పిందంతా మొదటి నుంచి మా ముఖాలు చూస్తూ చెప్పింది. జవాబు చెప్పే పిల్లలైనా అంతే, లేచి క్లాసు వైపు తిరగకపోతే వాళ్ళకూ వేళ్ళు లేస్తాయి. మూడేళ్ళలో మొదటిసారి ఒక పాఠం మొత్తం నాకు వినపడింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, దుమ్మని తుడుచుకున్నాను.

పాఠం అవుతున్నంతసేపూ ఇదంతా ఎవరి కోసం చేస్తున్నారో అని బెంచీలు వెతికాను. నాలాంటివాళ్ళు ఒకరు ఉండే ఉంటారనుకున్నాను. మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తింటూ షబానా అక్కను అడిగాను.

“ఏమో, నాకేమెరుక? ఎవరి కోసమని మేడం ఎన్నడు చెప్పలే. నేనైతె నా కోసమే అనుకున్న. తెలుగు మీడియంల చదివి వచ్చిన గదా, ఫస్టియర్ల ఇంగ్లిష్ ఇంటుంటె ఏడుపొచ్చేది. మా క్లాసుల ఒకడున్నడు, నత్తి. వాడేమో వాని కోసం అనుకుంటడు.”

బజ్జీలు వేసే పెద్దమ్మ కలగజేసుకుని, చదువు ముచ్చట్లు తర్వాత, బజ్జీ సల్లారుతుందని మందలించింది. ఎవరూ తమ లోపం చెప్పుకోనక్కర్లేకుండా, ఎవరొచ్చినా కూర్చునేలా ఒక క్లాసును ముందే సిద్ధం చేసి పెట్టడం ఎంత పెద్ద పనో అప్పుడు అర్థమైంది.

కానీ అందరూ ఆ మేడంలా ఉండరు. బజ్జీలు తిని మళ్ళీ కాలేజీకి పోయాక, తర్వాతి క్లాసుకు ఇంకో సారు వచ్చారు. ఆయన మంచివారే కానీ పాఠమంతా బోర్డుకే చెప్పారు. నాకు ఫ్యాన్లు తప్ప ఏమీ వినపడలేదు. ఈయన క్లాసులో వేలెత్తే ధైర్యం ఎవరికీ లేదు. నా ముఖం చూసిందో ఏమో, షబానా అక్క లేచి, “సార్, జర మా దిక్కు తిరిగి చెప్పుండ్రి” అంది. తిడతారని నేను తల దించుకున్నాను. ఆయన అవునా అని, తిరిగి, మళ్ళీ చెప్పారు. అంతే, ఇంకేం జరగలేదు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి అక్క అడిగిన ఆ ఒక్క వాక్యం గురించే ఆలోచిస్తున్నాను. మేడం లాంటివాళ్ళు ఉన్నచోట నేను చెప్పకపోయినా నడుస్తుంది. లేనిచోట ఎవరో ఒకరు అడగాలి, రోజూ షబానా అక్క నా పక్కన ఉండదు. మీరు కూడా కాలేజీ చూడటానికి పోతుంటే ఒక్క మాట: గేటు, ల్యాబులు, క్యాంటీన్ చూసి వచ్చేయకండి. మామూలు పనిరోజు పొద్దున పోయి, అక్కడ చదివేవాళ్ళతో చెప్పించుకుని, ఒక గంట క్లాసులో కూర్చోండి. పాఠం ఎటు తిరిగి చెప్తున్నారో చూడండి. నేనైతే ఆ కాలేజీని ఆప్షన్లలో మొదట పె

తలుపు కొడుతున్నారు. అమ్మే. ఈ కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నాను. అమ్మకు ఇది చదివి తెలియకూడదు, నేనే చెప్పాలి. లోపలికి రాగానే నా కుడిపక్కన కూర్చోమంటాను, ఎందుకని అడుగుతుంది