టెంపరెన్స్ ఉత్తరం రెండో పుట

లోయిస్ టార్బెల్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే ఒక్క వాక్యం ఎలా పూర్తవుతుందా అని కాచుకుని కూర్చుంది. మరీ ఎక్కువ చేసి చెబుతున్నట్టు అనిపిస్తే ఆమె మొగుడు రాయ్‌ని అడగండి, ఆయన ఇంకా ఎక్కువ చేసి చెబుతాడు. పడవేసుకుని పీతలు పట్టడానికి వెళ్ళే మనిషి, మాటకు మొహమాటం లేదు. చచ్చి రెండు వందల ఏళ్ళైన పిల్ల ఏమందో తెలుసుకోవాలని ఉబలాటపడతావు గానీ ఫ్రిజ్ మీద నేనంటించిన చీటీ ఒక్కటీ చదవవు కదా అని దెప్పేవాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి లోయిస్ నవ్వేసి ఊరుకునేది.

ఆ పిల్ల పేరు టెంపరెన్స్ విన్‌స్లేడ్. అమెరికాలో మాసచుసెట్స్ సముద్రతీరంలోని ఆ ఊళ్ళో విన్‌స్లేడ్ పేరు లేని వీధి లేదు, వంతెన లేదు, చివరికి కుక్కల్ని తిప్పే మైదానానికీ అదే పేరు. దేశం కొత్తగా పుట్టిన రోజుల్లో జడ్జీ జోసయ్యా విన్‌స్లేడ్ మాట అంటే మాటే. ఆ ఇంటివాళ్ళు తుమ్మినా దగ్గినా కాగితం మీద పెట్టేవాళ్ళు. ఆ కాగితాలన్నీ ఇప్పుడు ఊరి చరిత్ర సంఘం భవనంలో నలభై రెండు బూడిదరంగు పెట్టెల్లో ఉన్నాయి. ముప్ఫై తొమ్మిది పెట్టెలు మగవాళ్ళవి, మిగిలిన మూడూ ఆడవాళ్ళవి. మగవాళ్ళ పెట్టెల కోసం ఎక్కడెక్కడి పండితులో వచ్చేవారు. ఆడవాళ్ళ మూడు పెట్టెలూ తెరిచేది లోయిస్ ఒక్కతే.

ఆమె అక్కడికి ఇరవై తొమ్మిదో ఏట టైపు కొట్టడానికి వచ్చింది. తల్లి చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది, ఆ చేతివాటం కూతురికీ వచ్చింది. చిరిగిన పుటను పల్చటి జపాను కాగితంతో, గోధుమ జిగురుతో అతికించడం రెండేళ్ళలో నేర్చేసుకుంది. ఆమె అతికిస్తే అతుకెక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఉన్న చిక్కల్లా నవ్వుతోనే. చదివేవాళ్ళ గదిలో చీమ చిటుక్కుమన్నా అందరూ తలలెత్తి చూస్తారు. లోయిస్ మాత్రం టెంపరెన్స్ ఉత్తరాలు ముందేసుకుని కిసుక్కుమనేది, తర్వాత పకపకమనేది, ఆ తర్వాత పెన్సిల్ పారేసి బయటికి పరుగెత్తేది. పాస్టరు గారి కట్టుడు పళ్ళ మీద ఆ పిల్ల రాసిన పుట చదివిన రోజు, మెట్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే, ఇంట్లో ఎవరైనా పోయారా అని దారినపోయే ఆయన పరామర్శించాడు కూడా.

ఇక ఆ వాక్యం. 1796 నవంబరులో, పందొమ్మిదేళ్ళ టెంపరెన్స్, పెళ్ళై వేరే ఊళ్ళో ఉన్న అక్క మెహిటబెల్‌కు రాసింది. తండ్రి జడ్జీ గారు ఇంట్లో పెద్ద విందు పెట్టాడు. యాభై దాటిన కల్నల్ ప్రాట్, ఇద్దరు పెళ్ళాల్ని మట్టి చేసి మూడోసారి పెళ్ళికి తయారైనవాడు, ముఖ్య అతిథి. ఆ విందు తనను ఆయనకు కట్టబెట్టడానికేనని టెంపరెన్స్‌కి తెలుసు. మొదటి పుట అడుగున ఇలా ఉంది. "అందరూ చూస్తుండగా కల్నల్ గారు కోటు వెనక వేలాడే తోకలు రెండూ పైకెత్తుకుని కూర్చోబోయారు. మెహీ, ఆ కుర్చీలో..."

అంతే. రెండో పుట లేదు.

లోయిస్ నలభై రెండు పెట్టెలూ మూడుసార్లు గాలించింది. కుర్చీలో పిల్లి ఉందా, సూది ఉందా, కుర్చీ కాలు విరిగిందా, అన్నీ ఊహించింది. ఆ కాగితాలను సంపుటాలుగా అచ్చు వేస్తున్న పెద్దాయన డాక్టర్ లాత్రప్, ఏటా క్రిస్మసుకు చేయి కలుపుతూ కల్నల్ కూర్చున్నాడా అని అడిగేవాడు. ఇంకా లేదండీ అని ఈమె చెప్పేది. ఇప్పుడిక ఆమెకు అరవై ఏళ్ళు వచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు కేకు కోసి ఆమెను ఇంటికి పంపుతారు. ఆ పై సోమవారం నుంచి పెట్టెలన్నీ ఫొటోలు తీయడానికి వేరే ఊరు వెళతాయి, రెండేళ్ళ దాకా తిరిగిరావు. కల్నల్ గాలిలో అలాగే వంగి ఉండగా తాను ఇంటికెళ్ళిపోవాలా అని ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది.

వెళ్ళిపోయే ఆ వారం మొదట్లో, సోమవారం, ఆమె హెస్టర్ క్వింబీతో కూర్చుని చౌడర్ అనే చిక్కటి చేపల సూప్ తాగుతోంది. హెస్టర్ అదే భవనంలో, నడవాకు అవతల, పాత బట్టల గది చూసుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ రోజూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఒకరి మోకాళ్ళ నొప్పులు ఇంకొకరికి కంఠతా వచ్చు. కానీ తిండి దగ్గర పని మాట ఎత్తలేదు. ఆ ఊరివాళ్ళ తీరే అంత. అడగందే చెప్పరు, చెప్పందే అడగరు, అదే మర్యాద అనుకుంటారు. వెళ్ళిపోయే వారం కదా అని తెగించి లోయిస్ ఆ రోజు మర్యాద తప్పింది. టెంపరెన్స్ గురించి, కల్నల్ కోటు తోకల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

హెస్టర్ చెంచా కింద పెట్టింది. ఆ రాత ముదురు గోధుమరంగు సిరాతో, కుడివైపు పడిపోతున్నట్టు ఉంటుందా అని అడిగింది. ఉంటుందని లోయిస్ అంది. మెహిటబెల్ మొదలుపెట్టి వదిలేసిన బొంత ఒకటి తన గదిలో ఉందని హెస్టర్ చెప్పింది. ఆ కాలపు ఆడవాళ్ళు పాత కాగితాల్ని ఆరు మూలల ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద గుడ్డ మడిచి, టాకాలు వేసి, వాటిని పక్కపక్కనే చేర్చి కుట్టేవారు. బొంత పూర్తయ్యాక టాకాలు లాగి కాగితాలు తీసేసేవారు. మెహిటబెల్ పూర్తి చెయ్యలేదు. అందుకని కాగితాలన్నీ బొంత వెనక అలాగే ఉండిపోయాయి.

"వాటి మీద రాత ఉందా?" అని లోయిస్ అడిగింది.

"ఉండకేం, నిండా ఉంది."

"ఇరవై రెండేళ్ళ నుంచీ ఎందుకు చెప్పలేదే నాకు?"

"నువ్వు అడిగావా? నాది గుడ్డ, నీది రాత. పైగా వేరేవాళ్ళ ఉత్తరాలు నేను చదవనమ్మా."

లోయిస్‌కు ఆమెను కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. అసలు తప్పు వీళ్ళిద్దరిదీ కాదు. విన్‌స్లేడ్ వారసులు అటక ఖాళీ చేసి అన్నీ తెచ్చిచ్చిన రోజున, కాగితాలు కాగితాల గదికి, గుడ్డలు గుడ్డల గదికి పోయాయి. ఒక్క ఉత్తరాన్ని నలభై అడుగుల దూరంలో రెండు గదుల్లో పెట్టి, అరవై ఏళ్ళు ఎవరి రిజిస్టరు వాళ్ళు చక్కగా రాసుకున్నారు. ఇలాంటి ఘనకార్యం బాగా పద్ధతిగా ఉండేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

ఒక గది వస్తువును ఇంకో గదివాళ్ళు చూడాలంటే దరఖాస్తు పెట్టాలి, దానికి మూడు వారాలు పడుతుంది. శుక్రవారానికి ఉన్నది నాలుగు రోజులు. భోజనం గంట మాత్రం తమ సొంతమనీ, ఆ గంటలో స్నేహితురాలి గదికి వెళ్ళొద్దని ఏ రూల్లోనూ లేదనీ హెస్టర్ తేల్చింది. అంత ధైర్యం ఆమెలో ఉందని లోయిస్ కలలో కూడా అనుకోలేదు.

మంగళవారం పన్నెండింటికి ఇద్దరూ కలిసి బొంతను బల్ల మీద బోర్లా తిప్పారు. రెండు వందల పన్నెండు ముక్కలు. అందులో విత్తనాల జాబితాలున్నాయి, పాస్టరు ప్రసంగాలున్నాయి, దగ్గు మందు తయారీ ఉంది. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి టెంపరెన్స్ చేతిరాత కనిపించింది. లోయిస్ శాండ్‌విచ్‌లు తెచ్చుకున్న సంచీ కాగితాన్నే ఆరు మూలలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద మాటల్ని పెన్సిల్‌తో ఎక్కించుకుంది. బుధవారానికి పదకొండు దొరికాయి. వాటిని భోజనం బల్ల మీద పరిచి అటు జరిపి ఇటు జరిపి చూస్తుంటే చౌడర్ చల్లారిపోయింది. నవ్వొచ్చినప్పుడల్లా మెహిటబెల్ మీద కోపం కూడా వచ్చేది. సొంత చెల్లెలి ఉత్తరం, అంత ముచ్చటైన ఉత్తరం, దాన్ని కత్తెరతో ముక్కలు చెయ్యడానికి ఆవిడకి చేతులెలా వచ్చాయని తిట్టుకునేది. ఇంట్లో ఇంకో కాగితం దొరకలేదా అని హెస్టర్‌ను అడిగేది, కత్తిరించింది హెస్టరే అయినట్టు.

గురువారం పదిహేనో ముక్క దొరికింది, వాక్యం అతుక్కుంది. ఆ కుర్చీలో గుమ్మడికాయ పాయసం గిన్నె ఉంది. అప్పుడే పొయ్యి మీంచి దింపి, చల్లారడానికి పెట్టింది. కల్నల్ గారు నిండుగా, నిదానంగా, తన హోదాకు తగ్గట్టుగా దాని మీద కూర్చున్నాడు. లేవలేదు. లేస్తే కూర్చున్నట్టు ఒప్పుకోవాల్సి వస్తుంది కదా. ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, తర్వాత పన్నుల విధానం మీద మాట్లాడటం మొదలుపెట్టాడు. బల్ల చుట్టూ పద్నాలుగు మంది ఉన్నారు, ఒక్కరూ కిక్కురుమనలేదు. బాతు మాంసం తిన్నారు, ఆపిల్ పళ్ళు తిన్నారు, దేశం క్షేమం కోరి మూడుసార్లు గ్లాసులెత్తారు. మూడోసారికి ఆయన కూడా లేచి నిలబడాల్సి వచ్చింది. వెనకున్న పనిమనిషి చేతిలో పళ్ళెం జారింది. పాయసం బాగుందని చెప్పి ఆయన గోడ వైపు వీపు పెట్టి పక్కపక్కగా నడుచుకుంటూ వెళ్ళి గుర్రమెక్కాడు, మళ్ళీ రాలేదు.

లోయిస్ నేల మీద కూలబడింది. హెస్టర్, ఎప్పుడూ పెదవి చివర్లతో తప్ప నవ్వని మనిషి, బొంత మీద ఎక్కడ కన్నీళ్ళు పడతాయోనని గది మూలకు పోయి గోడకు తల ఆనించి నవ్వింది. పొట్టలు పట్టుకుని, ఇక చాలు అనుకుని, మళ్ళీ ఒకరినొకరు చూసి మొదలుపెట్టి, ఆ గంటంతా అలాగే గడిపారు. లోయిస్‌కు చిన్నపిల్లలా గిరగిరా తిరగాలనిపించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళకు కల్నల్ కూర్చున్నాడు.

కానీ పుట పూర్తవలేదు. అడుగున ఇంకా నాలుగు ముక్కల చోటు ఖాళీగా ఉంది. శుక్రవారం బొంత అంచుకు నాలుగు ముక్కలు పక్కపక్కనే కనిపించాయి, వెనకవైపు తెల్లగా. మిగతా రెండు వందల ఎనిమిదింటికీ రాత బయటికి ఉంది. ఈ నాలుగింటికీ మాత్రం గుడ్డ వైపుకు తిప్పి ఉంది. టాకాలు తియ్యకుండా చదవడం కుదరదు. హెస్టర్ ఇరవై రెండేళ్ళలో ఒక్క పాత దారం పోగు తెంపలేదు. తెంపినవాళ్ళతో మాట్లాడటం మానేసిన రకం. ఆమెను అడగడానికి లోయిస్‌కు నోరు రాలేదు. పాయసం సంగతి తెలిసింది చాల్లే, పోదాం, కేకు కోస్తారు అంది.

హెస్టర్ సొరుగు తీసి చిన్న కత్తెర అందుకుంది.

"టాకా వేసేదే తియ్యడానికి. ఆవిడ తియ్యాల్సిన పనే, కాస్త ఆలస్యంగా మనం తీస్తున్నాం," అంది. పక్క దారం ఒక్కటీ చెదరకుండా తీసింది.

నాలుగు ముక్కలూ లోయిస్ అరచేతిలోకి వచ్చాయి. వరసగా పెట్టి చదివింది. "ఆ గిన్నె అక్కడ పెట్టింది నేనే మెహీ. నాన్నకు తెలిస్తే నన్ను ఆయనకే కట్టబెడతాడు. దీన్ని పొయ్యిలో పడెయ్. పడెయ్యడానికి నీకు మనసొప్పదు, నాకు తెలుసు. అందుకని మగవాళ్ళ చెయ్యి ఎన్నటికీ పడని చోట దాచు."

లోయిస్ బొంతను చూసింది. వారమంతా తాను తిట్టిపోసిన మెహిటబెల్, చెల్లెలు అడిగింది అడిగినట్టే చేసింది. తగలబెట్టలేకపోయింది. కత్తిరించి, ప్రాణంలాంటి నాలుగు మాటల్ని గుడ్డ వైపుకు తిప్పి, కుట్టేసి, బొంత పూర్తయితే కాగితాలు తీసెయ్యాలి కాబట్టి పూర్తి చెయ్యకుండా వదిలేసింది. ఇంట్లోవాళ్ళు దాన్ని చూసి ఎంత బద్ధకం అని ఎన్నేళ్ళు ఆడిపోసుకుని ఉంటారో. తను ఏడుస్తోందో నవ్వుతోందో లోయిస్‌కే తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చాయి.

"రిజిస్టర్లో ఎక్కిస్తావా?" అని హెస్టర్ అడిగింది. ఎక్కిస్తే డాక్టర్ లాత్రప్ పుస్తకంలో అచ్చవుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో దొరికిన దేన్నీ ఎక్కించకుండా వదలని మనిషి లోయిస్. గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది.

"సూదిలో దారం ఎక్కించి ఇవ్వవే, నాకు కళ్ళు కనపడటం లేదు," అంది.

పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి, నాలుగు ముక్కల్నీ రాత గుడ్డ వైపుకే తిప్పి కుట్టింది. తల్లి చేతివాటం కదా, పావుగంటలో అయిపోయింది. ఇదంతా ఇప్పుడు బయటపెడుతున్నారేమిటి అంటారా, చెబుతున్నదీ ఆడమనిషే, వింటున్న మగవాళ్ళు ఆ చోటికి చెయ్యి పెట్టకుండా ఉంటే చాలు.

ఒంటిగంటకు కేకు కోశారు. డాక్టర్ లాత్రప్ చక్కగా మాట్లాడాడు. ఆమె అతుకుల గురించి చెప్పాడు, నవ్వు గురించి చెప్పాడు, చివర్లో గొంతు తగ్గించి, పాపం ఆ కల్నల్ కూర్చున్నాడో లేదో తెలియకుండానే లోయిస్ గారు వెళ్ళిపోతున్నారు, అదొక్కటే తన బాధ అన్నాడు. అందరూ ఆమె వైపు జాలిగా చూశారు.

"అవునండీ, ఏం చేస్తాం," అంది లోయిస్. హెస్టర్ పళ్ళెం పట్టుకుని గబగబా బయటికి వెళ్ళిపోయింది. కాసేపటికి నడవాలోంచి, ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నట్టు చప్పుడు వినిపించింది. పాపం స్నేహితురాలు వెళ్ళిపోతోందని ఎంత బెంగ పెట్టుకుందో అని డాక్టర్ లాత్రప్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.