మా కప్పు మీద వాడ పెంకులు

నిజాం పాలన చివరి రోజుల్లో, ఒక ఎండకాలం సాయంత్రం, నారాయణపేట దగ్గరి మా ఊళ్లో రాళ్లవాన పడింది. మా ఇల్లు నేతవాళ్ల వాడలో చివరిది. పెంకులు పాతవి, దాదాపు అన్నీ పగిలిపోయాయి. మగ్గం గుంటలోకి నీళ్లు దిగాయి. మగ్గం మీద పెళ్లిచీర పడుగు ఉంది. నాయన, అమ్మ, నేను గోనెపట్టాలు ఎత్తిపట్టుకుని దాని చుట్టూ నిలబడ్డాం.

మర్నాడు డప్పు కొట్టి చెప్పారు. కప్పు పోయినవాళ్లకు సర్కారు పెంకులు ఇస్తుందని, తహసీలు కచేరీలో దరఖాస్తు పెట్టుకోవాలని. ఇంట్లో ఉర్దూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. దరఖాస్తు రాసి, ఏ వైపు ఎంత కప్పు పోయిందో బొమ్మ కూడా గీసి తీసుకెళ్లాను. కచేరీలో ఆ రోజు తీసుకోలేదు. రాత్రికి అక్కడే ఉండి, మర్నాడు ఇచ్చి ఊరికి తిరిగొస్తే మా ఇంటికి కప్పు ఉంది. ఇల్లు తప్పానేమో అనుకుని వెనక్కి తిరిగి వాడంతా చూశాను.

మా వాడలో ఒక పద్ధతి ఉండేది. పడుగు తడిసిన ఇంటికి ఇంటింటివాళ్లూ తమ కప్పు మీది నుంచి కొన్ని పెంకులు దించి ఇస్తారు. వానకాలం మొదలయ్యేలోపల వాటిని తిరిగి ఇవ్వాలి. అది నాకు తెలుసు. కానీ నేను కచేరీకి పోయి వచ్చేలోపే జరిగిపోతుందనుకోలేదు.

"విచారణకు కచేరీ నుంచి గిర్దావరు వస్తడు నాయినా. ఏం జూపిస్తం?"

"ఉన్నది జూపిస్తం."

"ఉన్నది మంచి కప్పు గదా."

"మరి పడుగు నానబెట్టుకుంట కూసుందమా?"

అమ్మ అందుకుంది. "ఆయన వచ్చిననాడు జర నాలుగు పెంకలు దించితె అయిపాయె."

"అడగకుంట ఇచ్చినోళ్ల పెంకలు దించి దొంగసాక్ష్యం చెప్తమా? సర్కారు ఇయ్యకపోతె మన కప్పే ఇప్పి ఎవలియి వాళ్లకిస్త."

నాకు నిద్ర పట్టడం మానేసింది. తొలకరి దగ్గర పడుతోంది. పెంకులు రాకపోతే మా మగ్గమైనా తడవాలి, వాడవాళ్ల ఇళ్లయినా కురవాలి.

గిర్దావరు గుర్రం మీద వచ్చాడు. కప్పు చూశాడు, నా దరఖాస్తు చూశాడు.

"కప్పు మొత్తం పోయిందని రాసినవ్. ఇదేంది?"

"పోయింది సాబ్. మళ్ల వచ్చింది."

"యాడికెళ్లి?"

చెయ్యి చాపి వాడంతా చూపించాను. ప్రతి కప్పుకూ ఒక మూల ఖాళీగా ఉంది.

"గా పెంకలు రాళ్లవానకు పగిలినయా?"

"లేదు సాబ్. మంచిగనె ఉన్నయి. మా ఇంటి మీద ఉన్నయి."

"అంటే పగిలినయి మీయి."

"అవు సాబ్."

"మీ ఇంటికేమో కప్పున్నది."

"ఉన్నది సాబ్."

"మరి నుక్సాన్ ఎవరికైనట్టు?"

నేను చెప్పిన ప్రతి మాటా నిజమే, అన్నీ కలిపితే మాత్రం నాకే ఏమీ అర్థం కాలేదు.

"పగిలిన పెంకలన్న చూపియ్యి" అన్నాడు.

నాయన మగ్గం గుంటలోనే కూర్చుని నేస్తున్నాడు. "నా కాళ్ల కింద ఉన్నయి సాబ్. తడి పీలుస్తయని దంచి పోసినం. పడుగు దిగినంక తవ్వి చూపిస్త."

"ఎన్నడు దిగుతది?"

"పెండ్లి లోపల."

"ఎవరి పెండ్లి, నాదా?"

వాకిట్లో చేరినవాళ్లు నవ్వారు. గిర్దావరు వంగి గుంటలోంచి గుప్పెడు ఎర్రటి పొడి తీసి చూసి, తిరిగి అందులోనే వదిలాడు. తర్వాత వాడంతా తిరిగి, ఖాళీ ఉన్న ప్రతి ఇంటికీ పెంకులు పోయినట్టు రాసుకుని, ఆ ఇంటివాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకున్నాడు. మా ఇంటి ముందు ఆగలేదు.

"మాది సాబ్?"

"మీకు కప్పున్నది గదా."

తొలకరికి ముందే బండ్ల మీద పెంకులు వచ్చాయి. ఒక్కో ఇంటి ముందు దించుకుంటూ వచ్చి, మా పక్కింటి దగ్గర బండ్లు ఖాళీ అయిపోయాయి. మళ్లీ దరఖాస్తు పెడతానన్నాను. నాయన వాకిట్లో నిలబడి, పక్కింటివాళ్లు పెంకులు పరుచుకోవడం చూస్తున్నాడు.

"ఇంక మనం ఎవలికన్న పెంకలియ్యాల్నా?"

"లేదు."

"మరి గా కచేరీకి దేనికి పోతవ్?"

ఆయన పోయి మగ్గం గుంటలోకి దిగాడు. నేను రోజూ రాసుకునే డైరీ తెరిచి దరఖాస్తు సంగతి రాయబోయాను. మంజూరైందని రాయాలో, కాలేదని రాయాలో తెలియలేదు. చివరికి పెంకులు వచ్చాయని మాత్రం రాశాను. ఆ ఏడు మా వాడలో ఏ ఇల్లూ కురవలేదు.