నాయన నూనె పూసిన కమాను

వయొలిన్ పెట్టె తెరవగానే ముందు రోజన్ వాసన వస్తుంది. వయొలిన్ తీగల మీద లాగే కమాను వెంట్రుకలకు గరుకు రావడానికి రుద్దే ఆ తేనెరంగు బిళ్ళ, ఎండలో కాగిన చెట్టు బంకలా వాసన వేస్తుంది. దాని వెనకాలే, కాస్త ఆలస్యంగా, కుట్టుమిషన్ నూనె వాసన కూడా వస్తుంది. వయొలిన్ పెట్టెలో మిషన్ నూనెకు ఏం పని అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు ఒక పూట పడుతుంది. నిన్న తిరుపతిలో మా ఇంట్లో, ఆయుధ పూజకని పెట్టె తెరిచి తుడుస్తుంటే ఆ రెండు వాసనలూ కలిసి వచ్చాయి. తుడిచే గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

మా నాయన చంద్రగిరిలో టైలరు. ఇంటి ముందుగదే అంగడి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఎవరిదో పెళ్ళి కచేరీలో వయొలిన్ వాయించే ఆయన ఎదుట అన్నానికి కూడా లేవకుండా కూర్చుండిపోయానట. నాయన ఆ సంగతి మనసులో పెట్టుకుని, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ప్రతి ఒక్కరినీ వాకబు చేసి, చివరికి తిరుపతిలో ఒక టీచరమ్మ ఉందని తెలుసుకుని, ఒక ఆదివారం పొద్దున నన్ను బస్సెక్కించాడు. టీచరమ్మ సంగీతం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, జరీ అంచు నేతచీర తప్ప వేరేది కట్టగా నేను చూడలేదు. ఆమె దగ్గర తన వయొలిన్ కాక ఇంకొకటి ఉండేది. కొనుక్కోలేని పిల్లలకు దాన్ని ఇంటికిచ్చి పంపేది. అది నా చేతికి వచ్చింది.

చేతికి రావడం వేరు, మాట వినడం వేరు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి, రెండో చివర ఎడమ భుజానికి ఒత్తి పెట్టుకోవాలి. పావుగంటకే కాలు తిమ్మిరెక్కేది. ఎడమచేతి వేళ్ళ కొసల్లో తీగలు గాట్లు పెట్టేవి, ఆ గాట్ల మీద ఉప్పుకారం తగిలితే అన్నం తింటూ ఏడ్చేదాన్ని. అన్నిటికంటే కష్టం కమాను. నేను లాగితే అది తీగ మీద తిన్నగా పోకుండా వంకర్లు తిరిగి, పక్క తీగను కూడా గీరి, విన్నవాళ్ళ పళ్ళు జివ్వుమనేలా కీచుమనేది. ఒకరోజు లంగాకు కొలత ఇవ్వడానికి వచ్చిన పెద్దావిడ లోపలికి చెవి పెట్టి, "ఏమప్పా, ఇంట్లో పిల్లినేమన్నా కట్టేసినారా?" అని అడిగింది.

"పిల్లి కాదు, మా పాప సంగీతం నేర్చుకుంటా ఉండాది" అన్నాడు నాయన, కలెక్టరు పరీక్షకు చదువుతోందన్నంత గొప్పగా. నేను సిగ్గుతో చచ్చిపోయి తలుపు వేసుకున్నాను.

వారంలో రెండు పూటలు నాయన అంగడి మూసి నన్ను తీసుకుపోయేవాడు. నేను లోపల సరళీ స్వరాలతో కుస్తీ పడుతుంటే ఆయన బయట అరుగు మీద కూర్చుని, సంచిలో తెచ్చుకున్న జాకెట్లకు కాజాలు, హుక్కులు కుట్టుకునేవాడు. దసరా వచ్చే పెరటాసి నెలలో వాన జల్లు అరుగు మీదికి కొడితే బట్టలు తడవకుండా గోడకు అతుక్కుని కుట్టేవాడే గాని, టీచరమ్మ పిలిచినా లోపలికి వచ్చేవాడు కాదు. "ఒత్తొద్దు పాపా, తీగ మీద ఊరికే ఆనించు" అని ఆమె నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. నాకు అర్థం కాలేదు. అరుగు మీది మనిషికి అర్థమైంది. ఇంటికొచ్చాక నన్ను మిషన్ దగ్గర నిలబెట్టి, ఒక గుడ్డముక్క సూది కింద పెట్టి తొక్కుతూ, "సూడు. బట్టను లాగినామంటే కుట్టు వంకర పోతాది. మిషన్ దానంతట అదే తీసకపోతాది. సెయ్యి ఊరికే దావ సూపించాల" అన్నాడు. ఆ సాయంత్రం నా కమాను ఈ చివర నుంచి ఆ చివరకు మొదటిసారి తిన్నగా పోయింది. వచ్చింది ఒకే ఒక్క స్వరం, కానీ అది గుండ్రంగా, నిండుగా వచ్చి కడుపులో కూడా అదిరింది. పెద్దయ్యాక నాకు చాలా సంతోషాలు దొరికాయి గాని, అంతటిది మళ్ళీ దొరకలేదు.

ఏడాదిన్నరకు స్వరాలు దాటి, పాఠాల్లో మొదటి పాటైన గీతం దాకా వచ్చాను. ఆ దసరాకు పది రోజుల ముందు టీచరమ్మ కొత్తగా చేరడానికి వచ్చిన ఒక పిల్లను చూపించి, విజయదశమి రోజు అందరి ముందు గీతం తప్పు లేకుండా వాయిస్తే వయొలిన్ నా దగ్గరే ఉంటుందని, లేకపోతే అది ఆ పిల్లకు పోతుందని చెప్పింది. కోపంగా చెప్పలేదు, ఉన్నది ఒకటే కదా అన్నట్టు చెప్పింది. ఆ పది రోజులూ నేను నిద్రలో కూడా వేళ్ళు ఆడించానని అమ్మ చెప్పేది.

ఆయుధ పూజ మా ఇంట్లో పెద్ద పండగ. నాయన తెల్లవారుతూనే లేచి మిషన్‌ను విడదీసి తుడిచి, ప్రతి కీలుకూ నూనె వేసి, కత్తెరలకూ ఇస్త్రీపెట్టెకూ స్కేలుకూ కూడా నూనెగుడ్డతో మెరుగు పెట్టి, గంధం కుంకుమ బొట్లు పెట్టేవాడు. అమ్మ బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి తాంబాళం నిండా పోసేది, శనగ గుగ్గిళ్ళ తాలింపు వాసన వీధి దాకా పోయేది. ఆ ఏడు నేను వయొలిన్ కూడా మిషన్ పక్కనే పెట్టి తలకు పోసుకోవడానికి పోయాను. వచ్చేసరికి దానికీ బొట్లు పెట్టి పెట్టె మూసి ఉంది. పూజలో పెట్టిన వస్తువును మళ్ళీ దశమి పొద్దున దాకా ముట్టకూడదు కాబట్టి నేను ముట్టలేదు.

మర్నాడు టీచరమ్మ ఇంట్లో, జంపఖానా మీద ఏడుగురు పిల్లల మధ్య నా వంతు వచ్చింది. కమాను పైకెత్తగానే మిషన్ నూనె వాసన గుప్పుమంది. తీగ మీద పెట్టి లాగాను. చప్పుడు లేదు. మళ్ళీ లాగాను, జారిపోయింది. పిల్లలు నవ్వారు. కొత్తగా చేరిన పిల్ల నవ్వలేదు, వయొలిన్ వంకే చూస్తోంది.

టీచరమ్మ కమాను తీసుకుని, వెంట్రుకల మీద వేలు రాసి వాసన చూసింది. "ఎవరు పూసినారు నూనె?"

"నేనే" అన్నాను.

అరుగు మీది నుంచి నాయన మొదటిసారి లోపలికి వచ్చాడు. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే టోపీ అలాగే ఉంది. "బిడ్డ కాదమ్మా, నేను పూసినాను. నా మిషన్‌కు పూసినట్టే పూసినా. బాగా పలుకుతాదనుకొన్యా. తప్పు నాది, దీన్ని పెట్టుకోని బిడ్డ దగ్గర వయొలిన్ ఎత్తుకోవద్దండి" అన్నాడు. 

టీచరమ్మ లోపలికి పోయి, ఎవరినీ తాకనివ్వని తన కమాను తెచ్చి నా చేతిలో పెట్టింది. అది నాదానికంటే బరువుగా ఉంది. రెండో వరుసలో ఒకచోట తడబడ్డాను, ఆగకుండా చివరిదాకా వాయించాను. తప్పు వాయించాను కదా, ఇక వయొలిన్ కూడా పోయినట్టేనని తల దించుకుని కూర్చున్నాను.

ఆమె నాయన వైపు తిరిగింది. "ఏమప్పా, మీ ఇంట్లో కుంకుడుకాయలు ఉండాయా?"

"ఉండాయమ్మా."

"అది గుర్రం వెంట్రుక. కట్టెకు తడి తగలకుండా దానికి తలంటు పొయ్యి. నీడలో ఆరనిచ్చి రోజన్ పట్టించు. గీతం అయిపోయినట్టే, వచ్చే ఆదివారం పాపకు వర్ణం మొదలుపెడతాం" అని, కొత్త పిల్లను తన దగ్గర కూర్చోబెట్టుకుని, "నువ్వు నా వయొలిన్ మీద నేర్చుకో" అంది.

ఆ మధ్యాహ్నం మా పెరట్లో నాయన కుంకుడు నురగతో కమాను వెంట్రుకలను, నాకు అమ్మ తలంటినదానికంటే మెత్తగా, అరచేతిలో పెట్టుకుని కడిగాడు. ఆరాక రోజన్ తానే రుద్దాడు. నేను లాగితే పలికింది. నాయన అప్పుడు పోయి అన్నం తిన్నాడు.

తర్వాత ఏటేటా ఆయుధ పూజకు ఆయన నూనెడబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చి, పెట్టె గొళ్ళేన్ని చూపించి, "దీనికి పూయచ్చామ్మా?" అని అడిగేవాడు. నేను సరేనంటేనే ఒక్క చుక్క వేసేవాడు. ఆ వాసన అక్కడిదే.

నేను విద్వాంసురాలిని కాలేదు. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రాలు వాయించుకునే మనిషినే అయ్యాను, దానికే ఆ ఇద్దరికీ జన్మంతా రుణపడి ఉన్నాను. టీచరమ్మ పోయేముందు ఈ వయొలిన్ నా దగ్గరే ఉంచుకోమంది. ఆమె ఇల్లు ఉన్నచోట ఇప్పుడు యాత్రికుల లాడ్జి ఉంది, అరుగు లేదు. చంద్రగిరి అంగడిలో ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. నాయన పోయి నాలుగేళ్ళు. ఆయన నూనెడబ్బా మాత్రం నా దగ్గర ఉంది.

నిన్న పూజకు ముందు దాన్ని చేతిలోకి తీసుకుని, గొళ్ళెం దగ్గర ఆగి, "పూయచ్చా నాయనా?" అని పైకే అడిగాను. ఒక చుక్క వేశాను. ఈ రోజు దశమి. గొళ్ళెం చప్పుడు లేకుండా తెరుచుకుంది, కూర్చుని అదే గీతం వాయించాను, రెండో వరుసలో తడబడలేదు.