గబ్బిలాల సందులో టిఫిన్ డబ్బా

నిన్న ఆఫీసులో పాత ఫైళ్ల గది తలుపు తెరవగానే ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. పక్కవాళ్లంతా కర్చీఫులు తీశారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. నాకది గబ్బిలాల వాసన కాదు, సంజమ్మ మేడం జ్ఞాపకం. ఈ మాట చదివితే ఆమె "నన్నింత కంపు చేసినావేమప్పా" అనడం ఖాయం.

గుంతకల్లు రైల్వే ఆఫీసులో నేను కొత్తగా చేరినప్పుడు ఆమె మా హెడ్ క్లర్కు. వారమంతా ఫైళ్లు వెతికి, ఆదివారం డబ్బాలు వెతికేవారు. ముక్కూముఖం తెలియనివాళ్లు కొండల్లో దాచిన డబ్బాను ఫోన్లో దారి చూసుకుంటూ కనిపెట్టడం, లోపలి చిన్న పుస్తకంలో పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టి రావడం. జియోక్యాషింగ్ అంటారు. క్యాషు దొరుకుతుందేమోనని నేనూ వెంటపడ్డాను. దొరికింది ఎండ.

ఒకసారి ఆమె నన్నొక రాతి సందు బయట నిలబెట్టి, ముక్కుమీద ఆకు అతికించుకున్నట్టుండే చిన్న గబ్బిలాలను చూపించారు.

"అరిష్టం అంటారు కదా మేడం?"

"శెనక్కాయ చేన్లమీద వాలే పురుగుల్ని రాత్రంతా తింటాయప్పా. అవి లేకుంటే తెలుస్తాది అరిష్టం. నీ మాదిరి అయిదు కొట్టంగానే సంచి సర్దుకునే రకం కాదు." తర్వాత వేలు చూపించి చెప్పారు: "యాడన్నా సరే, సందులో చెయ్యి పెట్టేముందు కన్ను పెట్టు."

నేను సొంతంగా మొదటి డబ్బా దాచినప్పుడు ఆ ఒక్క పనే చేయలేదు. ఎవరికీ తేలిగ్గా దొరకకూడదని వేరే కొండలో ఇరుకు సందు చూసి, ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాను మూరెడు లోపలికి తోశాను. "లోపల చూసినావా?" అని మేడం అడిగితే "చూశాను" అన్నాను. దాచడం ఆ ఆట నియమం. దాపరికం నా సొంత చేర్పు.

ఆ చోటును ఫోన్లో ఆటవాళ్లందరికీ కనిపించేలా పెట్టాక డబ్బా కోసం జనం రాసాగారు. మా సీమలో ఎవరైనా చేతిలో ఫోనుతో నేల చూసుకుంటూ కొండెక్కితే ఊరికి అర్థమయ్యేది ఒక్కటే: గుప్తనిధి. నా ఘనకార్యం చూపిద్దామని ఒక ఆదివారం పొద్దున మేడంను తీసుకెళ్లేసరికి, సందు ముందు ముగ్గురు గడ్డపారలతో ఉన్నారు. పొగబెట్టడానికి ఎండుగడ్డి పోగేశారు.

మేడం వంగి సందులోకి చూశారు. లేచేసరికి ముఖం మారిపోయింది.

"బాలింతలుండాయన్నా. ఒక్కోదాని రొమ్ముకు ఒక బిడ్డ. పొగకు తల్లులు బెదిరి లేస్తే బిడ్డలు రాలిపోతాయి."

"నిధికి కాపలా ఉండేది అవే కదక్కా," అన్నాడు వాళ్లలో పెద్దాయన. "పక్కకు జరుగు."

"నిధి లేదు, ఏం లేదు. ఆటకోసరం ఎవరో డబ్బా పెట్టినారు."

"ఎవరు? యాడుండాడు వాడు?"

మేడం నా వైపు చూశారు. నా పేరు చెప్పడం ఆమెకు ఒక్క క్షణం పని. చెప్పలేదు. గడ్డిమీద కాలు పెట్టి కదలకుండా నిలబడ్డారు. పెద్దాయన అగ్గిపెట్టె తీశాడు.

"నేనే పెట్టినా," అన్నాను. గొంతు గబ్బిలం కీచుకన్నా సన్నగా వచ్చింది. "లోపల చూడకుండానే పెట్టినా. చూసినానని మేడంకు అబద్ధం చెప్పినా."

ఈసారి ముందు కన్ను పెట్టి, తర్వాత మెల్లగా చెయ్యి జొనిపి డబ్బాను బయటికి లాగాను. మూత తీస్తే చిన్న పుస్తకం, పెన్సిలు ముక్క, ఒక గోలీ. పెద్దాయన గోలీని ఎండకు పట్టి చూశాడు.

"దీనికోసరమా పెట్రోలు కాల్చుకోని వస్తాండారు?"

"అవునన్నా."

"మనకంటే పిచ్చోళ్లుండారు కదరా!"

నవ్వు మొదలైంది. మేడం పెదవులమీద వేలు పెట్టి సందు వైపు చూపించారు. ముగ్గురూ నోళ్లకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వి, గడ్డపారలు భుజాన వేసుకుని దిగిపోయారు.

అక్కడే నాచేత ఫోన్లోంచి ఆ చోటు తీసేయించి మేడం తీర్పు చెప్పారు: "అబద్ధానికి రెండు దినాలు నీతో మాట్లాడను. ఒప్పుకున్నందుకు ఒక దినం తగ్గిస్తా." సోమవారమంతా కాగితాలే మాట్లాడుకున్నాయి. మంగళవారం నా బల్లమీదికి టీ వచ్చింది.

ఆమె రిటైరయ్యారు. ఇప్పుడా కుర్చీలో నేనున్నాను. సెక్షన్లో తప్పు ఎవరిదో తెలిసిన రోజున, పేరు నాలుక చివరిదాకా వచ్చినా ఆపుకొని, వాళ్లంతట వాళ్లు చెబుతారని చూస్తాను. అగ్గిపెట్టె ఎదురుగా ఉండగా ఆమె అంతసేపు ఎలా ఆగగలిగారో! నాకు ఫ్యాను కింద కూర్చుని కూడా అంత ఆగడం ఇంకా చేతకావడం లేదు.